గిరాకీ ఉన్నా గిట్టని కుండ: గోదావరి డెల్టాలో కుమ్మరి పని లెక్క

కుమ్మరి పని ఎందుకు తగ్గిపోయిందని ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. స్టీలు గిన్నెలొచ్చాయి, ప్లాస్టిక్ బిందెలొచ్చాయి, ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది, ఇక కుండ ఎవరు కొంటారు అని. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ, గోదావరి డెల్టా వరకు చూస్తే ఇది సగం కథే. ఏప్రిల్ వచ్చేసరికి రావులపాలెం నుంచి అమలాపురం దాకా, తణుకు నుంచి భీమవరం దాకా రోడ్ల పక్కన కూజాలు, కుళాయి బిగించిన కుండలు బారులు తీరతాయి. హైవే మీద కుండ బిర్యానీ బోర్డులకి లోటు లేదు. పులస దొరికే రోజుల్లో మట్టి దాకలో వండిన పులుసని చెప్పి హోటళ్లు గొప్పగా అమ్ముకుంటాయి. కార్తీకానికి ప్రమిదలు, పెళ్లికి అరివేణి కుండలు, చావుకి కుండ, ఆత్రేయపురంలో పూతరేకులు తీసే కుండ, వీటిలో ఏదీ ఆగలేదు. అంటే కొనేవాళ్లున్నారు. అయినా సారె (కుమ్మరి చక్రం) తిప్పే ఇళ్లు తగ్గుతూనే ఉన్నాయి. కొనేవాడు లేక ఆగిపోయే పని వేరు, కొంటున్నా గిట్టక ఆగిపోయే పని వేరు. డెల్టాలో జరుగుతున్నది ఎక్కువగా రెండోది.

పాత లెక్క ఎలా ఉండేదో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఊరికి కుండలిచ్చే కుమ్మరికి రైతు ఒక్కో కుండకీ డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు కాదు. కోతలయ్యాక కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి ఇచ్చినట్టే కుమ్మరికీ మేర, అంటే పనికి బదులు ధాన్యం, కొలిచేవాడు. ఆ ధాన్యానికి ఏడాది పొడుగునా వంటకి, నీళ్లకి, పశువుల కుడితికి, పెళ్లికి, దినానికి కావలసిన మట్టి సామానంతా ఆ ఇంటికి వెళ్లేది. దీన్ని బంగారు కాలంలా చెప్పుకోనక్కర్లేదు. కులంతో బిగించిన పని అది, ఎంత మేర అన్నది కొలిచేవాడి దయ, ఇష్టం లేకపోతే మానేసి వేరే పని చూసుకునే వీలు కుమ్మరికి ఉండేది కాదు. కానీ ఆ లెక్కలో పైకి కనిపించనిది ఒకటుంది. మట్టి ఊరి చెరువులోంచి ఊరికే వచ్చేది. కాల్చడానికి ఎండుగడ్డి, ఊక, కొబ్బరి మట్టలు అడిగితే దొరికేవి. కుండలు ఆరబెట్టుకోవడానికి, ఆవం (కుండలు కాల్చే బట్టీ) పేర్చుకోవడానికి ఊరి చివర ఖాళీ జాగా ఉండేది. ఈ మూడూ ఉచితం కాబట్టే కుండ అంత చవగ్గా ఉండేది. మేర పోయి డబ్బు లెక్క వచ్చాక, ఈ మూడింటికీ ఒక్కొక్కటిగా ధర పడింది. కొనేవాళ్ల మనసులో మాత్రం కుండ ఇంకా ‘మట్టేగా’ దగ్గరే ఉండిపోయింది.

ముందు మట్టి సంగతి. డెల్టాలో మట్టికి కరువేమిటి అనిపిస్తుంది. వేల ఏళ్లుగా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మీదే కదా ఈ ఊళ్లన్నీ ఉన్నది. అయితే కనిపించిన ప్రతి మట్టీ కుండకి పనికిరాదు. ఇసుక పాలు ఎక్కువైతే సారె మీద నిలవదు, మరీ జిగటైతే ఆరేటప్పుడు బీటలిస్తుంది. చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మెత్తటి బంకమట్టిని తోలుకొచ్చి, ఎండబెట్టి, చితక్కొట్టి, నానబెట్టి, రాళ్లూ వేళ్లూ ఏరేసి, అందులో ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కి తొక్కి, అప్పుడుగానీ సారె దగ్గరికి రారు. దేనికి ఎంత ఇసుక అన్నది చేతికి తెలిసిన లెక్క. నీళ్ల కుండకి ఒక రకం, పొయ్యి మీద పెట్టే దాకకి ఇంకాస్త ఎక్కువ. ఎందుకంటే మంట తగిలి గోడలో సన్నటి బీట పుట్టినా ఇసుక రేణువు దగ్గరికొచ్చి ఆగిపోతుంది, పొడుగ్గా సాగదు.

ఆ మట్టి తీసే అదను కూడా డెల్టాకి ప్రత్యేకం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి ఏడాదంతా కాలువల మీదే నడుస్తోంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. తాగునీటి చెరువుల్ని ముందే నింపుకుంటారు, మిగతా కుంటలు, బోదెలు అడుగంటుతాయి. కుమ్మరి ఏడాదికి సరిపడా మట్టి తోలుకునే రోజులవే. ఇప్పుడు ఆ మిగతా చెరువులే చేపల పాటకి వెళ్తున్నాయి. పంచాయతీ వేలం వేస్తుంది, పాడుకున్నవాడు ఏడాదంతా నీళ్లుంచి చేపలు పెంచుకుంటాడు, అడుగు మట్టి తవ్వుకుంటామంటే ఒప్పుకోడు. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు, డబ్బు కట్టి తీసుకున్నాడు. భీమవరం, ఆకివీడు వైపు వరిచేలే చెరువులైపోయాయి. తీరం వైపు రొయ్యల చెరువులొచ్చాక ఇంకో తంటా, ఉప్పు. కుండ ఆరుతున్నప్పుడు లోపలి నీటితోపాటు అందులో కరిగిన ఉప్పు కూడా పైకి వస్తుంది, నీరు ఆవిరైపోయి ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. కాల్చాక చూస్తే తెల్లటి పొర, వాడుతున్న కొద్దీ పెచ్చులు. ఇవన్నీ చాలనట్టు నల్లమట్టి కోసం ఇటుక బట్టీలవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు కొనేది లారీల లెక్కన.

కాగితం మీద కుమ్మరికి పెద్ద అడ్డంకులేం లేవు. కుండలు, దీపాలు, బొమ్మలు చేసుకోవడానికి కుమ్మరులు ఆచారం ప్రకారం చేత్తో తవ్వుకునే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం 2016లో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. కానీ అనుమతి అక్కర్లేదన్నంత మాత్రాన మట్టి దొరకదుగా. ఎవరి చెరువు, ఎవరి చేను అన్న ప్రశ్న దగ్గర బండి ఆగిపోతుంది. చివరికి ట్రాక్టరు లోడుకి ఇంత అని కొనుక్కోవడమే మిగులుతుంది.

ఇక వాతావరణం. కుండ ధర గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సారె మీంచి దిగిన కుండ అప్పటికింకా చిన్నది, గోడ మందం. దాన్ని కాస్త ఆరనిచ్చి, లోపల గుండ్రటి రాయి అడ్డం పెట్టి, బయట చెక్కతో తడుతూ తడుతూ సాగదీస్తారు. మళ్లీ ఆరనిచ్చి మళ్లీ తట్టాలి. ఏ దశలో ఎంత తడి ఉండాలో అంతే ఉండాలి. ఎక్కువ ఎండ తగిలితే అంచు ముందు ఆరి అడుగు పచ్చిగా ఉండిపోతుంది, ఆ తేడాకే చీలుతుంది. అసలు ఆరకపోతే మెత్తబడి కూర్చుంటుంది. గాలి నిండా తేమ ఉండే డెల్టాలో, అదీ సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, మెట్ట ప్రాంతంలో త్వరగా అయ్యే పని సాగి సాగి ఆలస్యమవుతుంది. వానాకాలంలో ఎన్ని రోజులు పడుతుందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

వానలు జూన్‌లో మొదలై అక్టోబరు, నవంబరు తుపాన్లతో గానీ వదలవు. 1996 నవంబరులో వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటల్నే పడుకోబెట్టింది, పచ్చి కుండల గురించి చెప్పేదేముంది. డిసెంబరు మధ్య నుంచి మే ఆఖరు దాకా, ఆ అయిదారు నెలలే నమ్మకంగా పని నడిచే రోజులు. గిరాకీ మాత్రం ఆ నెలల్ని అంటిపెట్టుకుని ఉండదు. సంక్రాంతికి కొత్త కుండ, మాఘం నుంచి పెళ్లిళ్లు, వేసవిలో నీళ్ల కుండ, ఇవి కలిసొచ్చేవే. కానీ వినాయకుడి మట్టి బొమ్మలు ఆగస్టు, సెప్టెంబరుల్లో కావాలి. పులస గోదావరికి ఎదురీదేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, దాకలు అడిగేది అప్పుడే. దీపావళి, కార్తీకం ప్రమిదలు సరిగ్గా తుపాన్ల నెలల్లో. వానాకాలంలో అమ్మాల్సిన సరుకుని వేసవిలోనే చేసి, కాల్చి, దాచుకోవాలన్నమాట. దాచడానికి చోటుండాలి, అమ్ముడయ్యే దాకా ఇల్లు గడవడానికి చేతిలో డబ్బుండాలి. రెండూ లేనివాళ్లు ఏం చేస్తారు? వానాకాలంలో వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు, వేసవిలో ఆయన చెప్పిన రేటుకి కుండలు తోలేస్తారు. ఎండాకాలం రోడ్డు పక్కన కుండ ధర పెరిగినా ఆ పెరుగుదల చేసినవాళ్ల దాకా ఎందుకు రాదో ఇక్కడ తెలుస్తుంది.

చోటు గురించి ఒక మాట. పల్లెల్లో ఇళ్లు లేనివాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం 2020లో పంచిన స్థలాలు సెంటున్నర, అంటే సుమారు 72 గజాలు. ఉద్యోగం చేసుకునేవాడికి ఇల్లు కట్టుకోవడానికి ఏదోలా సరిపోవచ్చు. మట్టి కుప్ప, నానబెట్టే గుంట, సారె, ఆరబెట్టే నీడ, ఆవం, కాల్చిన సరుకు, వీటికెక్కడ? ఆవం పొగకి పక్కింటివాళ్లు ఊరుకోరు కూడా. డెల్టాలో భూమి ధరలు చూసినవాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. కాలనీకి మారిన కుమ్మరి కుటుంబం పని మానేసిందంటే, చాలాసార్లు అది ఇష్టం లేక మానేయడం కాదు.

నిప్పు సంగతికొద్దాం. పచ్చి కుండల్ని పేర్చి, మధ్యలో గడ్డీ మట్టలూ కూరి, పైన మళ్లీ గడ్డి కప్పి, దాని మీద మట్టి మెత్తి కాల్చే పాత పద్ధతి ఆవంలో వేడి 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. మొదటి కొన్ని గంటలు మంట చాలా నెమ్మదిగా ఉండాలి. 100 డిగ్రీల దగ్గర గోడలో మిగిలిన నీరు ఒక్కసారి ఆవిరైతే కుండ టప్పున పగులుతుంది. 450 నుంచి 600 లోపు మట్టి కణాల్లోనే కలిసి ఉన్న నీరు పోతుంది, అక్కణ్ణుంచి అది మళ్లీ నానినా మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. తొందరపడి ఆవం విప్పితే పాడయ్యేది అందుకే. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, గాలి మూసేసి పొగబెడితే నల్లబడుతుంది. థర్మామీటరు లేకుండా, మంట రంగు, పొగ రంగు చూసి ఇదంతా నడపడం చిన్న విషయం కాదు. అయినా అకస్మాత్తుగా వాన పడితే చేసేదేం లేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్న సామెతలో గుదియ (దుడ్డుకర్ర) పని డెల్టాలో వానే చేస్తుంది.

ఆ నిప్పుకి వేసేదే ఇప్పుడు పెద్ద ఖర్చు. వడ్ల బరువులో దాదాపు అయిదో వంతు ఊక, డెల్టాలో దానికి కొదవుండకూడదు. కానీ ఊకని రైస్ మిల్లుల బాయిలర్లే తినేస్తున్నాయి, మిగిలింది ఇటుక బట్టీలకి పోతుంది. చేత్తో కోసి కుప్పేసి నూర్చిన రోజుల్లో మిగిలే గడ్డి వేరు, కోత మిషన్ వెళ్లిపోయాక చేలో మిగిలే తుక్కు వేరు. కొబ్బరి డొక్కలు పీచు ఫ్యాక్టరీలకి, సరుగుడు కర్ర కాగితం మిల్లులకి. పల్లెలో ఒకప్పుడు వ్యర్థం అనుకున్న ప్రతిదానికీ ఒక ఫ్యాక్టరీ కొనుగోలుదారు తయారయ్యాడు. పర్యావరణానికి అది మంచిదే కావచ్చు, కుమ్మరికి మాత్రం పోటీ. చివరికి మిగిలేది కొబ్బరి మట్టలు, తాటి మట్టలు. వాటిని కూడా కొట్టించి, మోయించి, తెచ్చుకోవాలంటే కూలి ఉంటుంది.

డెల్టాలో మట్టి పని అంటే కుండ ఒక్కటే కాదు, జాడీ కూడా ఉంది. రాజమండ్రి, ధవళేశ్వరం వైపు జాడీలు చేసే చిన్న ఫ్యాక్టరీలకి పేరుంది. ఎండాకాలంలో ఆవకాయ పెట్టే ఇంటికి కుండా జాడీ రెండూ కావాలి, కానీ ఒకదాని పని ఇంకోటి చేయలేదు. తక్కువ వేడిలో కాలిన కుండ గోడంతా సన్నటి రంధ్రాలే, నీరు చెమర్చి పైకొచ్చి ఆవిరవుతుంది. పది లీటర్ల కుండ మీంచి ఒక వంద మిల్లీలీటర్లు ఆవిరైతే లోపలి నీళ్లు అయిదారు డిగ్రీలు తగ్గడానికి సరిపడా వేడి వెళ్లిపోతుంది. అందులో ఆవకాయ పెడితే నూనె, ఉప్పు గోడలోకి దిగి పచ్చడీ పాడు, కుండా పాడు. జాడీని 1,200 డిగ్రీల పైన కాలుస్తారు, మట్టిలో కొంత భాగం కరిగి గాజులా అల్లుకుపోయి రంధ్రాలు మూసుకుంటాయి, పైన మెరుపు పూత. ఉప్పు, పులుపు, నూనె ఏదీ లోపలికి దిగదు.

మరి చెరువు మట్టితోనే జాడీ చేయొచ్చు కదా అంటే కుదరదు. డెల్టా ఒండ్రులో ఇనుము, వేడికి త్వరగా కరిగే ఇతర పదార్థాలు ఎక్కువ. 1,100 దాటేసరికి అది ఉబ్బి, వంగి, ముద్దవుతుంది. జాడీకి కావలసింది మెట్టలో, ద్వారకా తిరుమల చుట్టుపక్కల దొరికే తెల్ల బంకమట్టి లాంటిది. నది తెచ్చిన మట్టి కుండకి, మెట్ట మట్టి జాడీకి. ఈ రెండు పనులు పక్కపక్క ఊళ్లలోనే ఉన్నా ఒకదానికొకటి దారి ఇవ్వకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం పెట్టుబడి. జాడీ ఫ్యాక్టరీలో అచ్చులు, మిషన్లు, పెద్ద బట్టీ, కూలీలు ఉంటారు. అక్కడికి వెళ్లిన కుమ్మరి కుర్రాడు రోజు కూలి అవుతాడు. వాన పడినా కూలి వస్తుందని కొందరు దాన్నే మేలనుకుంటారు, ఆ లెక్కలో అర్థముంది. అక్కడ ఇంకో బాధ ఉంది, దుమ్ము. పొడి మట్టిలోని సన్నటి సిలికా రేణువులు ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వచ్చే జబ్బు నయం కాదు. తడి గుడ్డతో తుడవడం, మంచి మాస్కు కట్టుకోవడం లాంటి చిన్న జాగ్రత్తలే చాలా వరకు కాపాడతాయి, వాటినే ఎవరూ పట్టించుకోరు.

సిరామిక్ ఆర్టిస్టుల దారి ఇంకో రకం. 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి దేశంలో ఎందరో స్టూడియో కళాకారులు తయారయ్యారు. పాలన లెక్కన చూస్తే డెల్టాలోనే ఉన్న యానాం కూడా పుదుచ్చేరిదే, కానీ ఆ గాలి ఇక్కడిదాకా పెద్దగా వీచలేదు. డెల్టాలో ఒకరు స్టూడియో పెట్టాలనుకుంటే ఎలక్ట్రిక్ లేదా గ్యాస్ బట్టీ కావాలి, మట్టి బయట నుంచి తెప్పించుకోవాలి, పూతలు తెప్పించుకోవాలి, చేసిన కప్పులు, ప్లేట్లు మళ్లీ హైదరాబాదుకో విశాఖకో పంపి అమ్ముకోవాలి. అంటే చేతులు తప్ప మిగతావన్నీ బయటివే. అలా కాకుండా ఊరి మట్టితో టెర్రకోట పని చేస్తే ఖర్చు తగ్గుతుంది, కానీ అప్పుడు కుమ్మరి ఎదుర్కొనే చెరువు, ఊక, వాన గొడవలన్నీ ఆర్టిస్టు నెత్తిన కూడా పడతాయి. ఒక తేడా మాత్రం ఉంది. ఆర్టిస్టు కప్పు కింద పేరు చెక్కుతాడు, ధర తనే చెప్తాడు. అంతకన్నా కష్టమైన ముప్పై లీటర్ల కాగు చేసినవాడికి ధర చెప్పే హక్కు ఉండదు, బేరం కొనేవాడే మొదలుపెడతాడు. పనితనంలో ఉన్న తేడా దీనికి కారణం కాదు, ఎవరి పని కళ, ఎవరి పని కులవృత్తి అని మనం ముందే చేసుకున్న విభజనే కారణం.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే ఉన్నాయి. ఖాదీ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ యోజన కింద కరెంటు సారెలు, మట్టి కలిపే మిషన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తుల్లో కుమ్మరి పని ఒకటి. శిక్షణలో రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15,000, అయిదు శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షల అప్పు. వద్దనాల్సినవేం కాదు. కరెంటు సారె వస్తే నడుము నొప్పి తగ్గుతుంది, కర్రతో సారె తిప్పలేని వయసువాళ్లు ఇంకొన్నేళ్లు పని చేయగలుగుతారు. కానీ డెల్టాలో పని ఇరుక్కునేది సారె దగ్గర కాదు కదా. సారె మీద గంటకి రెట్టింపు కుండలు దిగినా ఆరబెట్టే చోటు అంతే, ఆవం అంతే, ఊక ధర అంతే. పైకి ఫొటోలో బాగా పడేది సారె, అందుకే పంపిణీ సభల్లో అదే కనిపిస్తుంది. నలుగురైదుగురు కలిసి వాడుకునే రేకుల షెడ్డు, తక్కువ కట్టెతో కుండలు కాల్చే, ఇటుకలతో కట్టిన బట్టీ, ఊరి చెరువు వేలం కాగితంలో కుమ్మరికి ఇన్ని ట్రాక్టర్ల మట్టి అని ఒక్క షరతు, వీటికయ్యే ఖర్చు ఎక్కువేం కాదు, ఉపయోగం మాత్రం సారె కన్నా చాలా ఎక్కువ.

ఇంటి ఆడవాళ్ల పని గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. మట్టి చితక్కొట్టడం, జల్లించడం, నీళ్లు మోయడం, పచ్చి కుండల్ని ఎండలోకి నీడలోకి మార్చడం, ఆవం పేర్చడానికి అందించడం, తర్వాత తట్టలో పెట్టుకుని సంతకి తీసుకెళ్లి అమ్మడం, ఇదంతా ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. సారె దగ్గర కూర్చునేది మగవాడు కాబట్టి కుమ్మరి అంటే అతనే అనుకుంటారు. పథకం కార్డు కూడా చాలాసార్లు అతని పేరు మీదే వస్తుంది. కుండ ధరలో ఒక మనిషి కూలే సరిగ్గా పడనప్పుడు రెండో మనిషి కూలి గురించి అడిగేదెవరు? సంతలో నిలబడి ‘మట్టేగా అమ్మా, అంతా?’ అని బేరమాడేవాళ్ల మాట వినేది కూడా ఆమే.

అయినా కొన్ని చోట్ల ఈ పని నిలబడింది. కుండ వేరే వ్యాపారానికి పనిముట్టుగా మారిన చోటల్లా నిలబడిందని చెప్పొచ్చు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ రేకు పుట్టేది బోర్లించిన కుండ అడుగు మీద. పక్కన పెట్టిన కంతలోంచి ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కాలే కుండ మీద ఒక్క క్షణం పరుస్తారు, పొర లేస్తుంది. కుండ వైపు నుంచి చూస్తే ఇది మామూలు పరీక్ష కాదు. లోపల మంట, పైన మాటిమాటికీ తడి గుడ్డ, రోజంతా ఇదే. ఎక్కువ వేడిలో కాలి గట్టిపడిన పింగాణీ అయితే ఈ వేడీ చల్లా దెబ్బకి త్వరగా చీలిపోతుంది. ఇసుక కలిపి తక్కువ వేడిలో కాల్చిన నాటు కుండ తట్టుకుంటుంది. అడుగు నున్నగా, వంపు అంతటా ఒకేలా లేకపోతే రేకు చిరుగుతుంది, కాబట్టి ఎవరు చేసిన కుండైనా పర్లేదు అనడానికి లేదు. ఇక్కడ కొనేవాళ్లకి కుండ ఖర్చు కాదు, రాబడి. అందుకే ధర దగ్గర గీచి గీచి బేరం తక్కువ. పులస వండే హోటళ్లకి దాకలు కూడా ఇంచుమించు ఇదే కోవ.

దీనికి ఎదురు ఉదాహరణ కడియం. కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్కల తొట్ల అవసరం ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. పక్కనే గోదావరి మట్టి, పక్కనే కుమ్మరులు, అయినా మొక్కలెళ్లేది నల్ల ప్లాస్టిక్ సంచుల్లో. లారీలో వందల కిలోమీటర్లు వెళ్లే మొక్కకి మట్టి తొట్టి బరువు, దారిలో పగుళ్లు. ఈ మార్కెట్ పోయినందుకు ఎవరినీ నిందించలేం. కల్లు గీసేవాళ్ల ముంతలు, లొట్టెలు కూడా చెట్టు మీంచి పడితే పగలని ప్లాస్టిక్‌కి చాలా చోట్ల దారిచ్చాయి.

నీళ్ల కుండ సంగతి మధ్యస్తం. పొడి వడగాడ్పు వీచే రోజున, 40 డిగ్రీల ఎండ, గాలిలో 30 శాతం తేమ ఉంటే, చెమర్చే కుండలో నీళ్లు 25 దాకా దిగే అవకాశముంది. అదే సముద్రం పక్క ఊళ్లో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఉక్క రోజున 30 దగ్గరే ఆగిపోతాయి. కుండ మంచిది కాదని తిట్టుకునేవాళ్లు చాలాసార్లు తిట్టాల్సింది గాలిని. రాజమండ్రిలో పనిచేసే కుండ అంతర్వేదిలో అంతగా పనిచేయదు, తీరం ఊళ్లలో ఫ్రిజ్ ముందు కుండ నిలవకపోవడంలో ఇది కూడా ఒక పాలు. పైగా రంగులేసి, పూలు గీసి, కుళాయి పెట్టి దూరం నుంచి లారీల్లో వచ్చే కుండల మీద కొన్నిసార్లు వార్నిష్ కూడా ఉంటుంది. చూడ్డానికి మెరుస్తుంది, రంధ్రాలు మూసుకుపోతాయి, నీళ్లు చల్లబడవు. వంటకి వాడే మట్టిపాత్రకైతే లోపలా బయటా ఏ పూతా లేనిదే తీసుకోవడం మేలు.

పిల్లలు ఈ పనిలోకి రావట్లేదన్నది అందరూ చెప్పే మాట. కోనసీమలో గల్ఫ్ దారి ఎప్పటి నుంచో ఉంది, ఏసీ మెకానిక్కో డ్రైవరో అయితే నెలాఖరుకి ఇంత అని తెలుస్తుంది. ఎవరైనా అదే ఎంచుకుంటారు. అయితే పని పోవడం కూడా ఒక వరసలో పోతోంది. ప్రమిద, మూకుడు, టీ కప్పు కొద్ది రోజుల శిక్షణలో వచ్చేస్తాయి, వాటికి అచ్చు మిషన్లు కూడా ఉన్నాయి కాబట్టి వాటిలో మిగిలేది కూడా తక్కువే. దాక, నీళ్ల కుండ రావడానికి కొన్నేళ్లు కావాలి. కాగు, బాన, గోలెం లాంటి పెద్దవి ముక్కలు ముక్కలుగా పెంచుకుంటూ, రోజుల తరబడి తట్టుకుంటూ చేసేవి, వాటిని చూస్తూ చేస్తూ నేర్చుకోవాల్సిందే. ధాన్యం, నీళ్లు దాచే అవసరం పోయి వాటికి ఆర్డర్లు తగ్గాయి, ఆర్డర్లు లేక చేసే చేతులు తగ్గాయి. ఇప్పుడు రిసార్టుల వాళ్లు, ఫామ్ హౌస్ వాళ్లు అలంకారానికి అవే పెద్ద బానలు కావాలని వెతుకుతున్నారు, మంచి ధర ఇవ్వడానికీ సిద్ధమే. చేయగలిగినవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లు, పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు లేరు. శిక్షణకి డబ్బు పెట్టేవాళ్లు ప్రమిదల క్లాసు మానేసి, ఒక పెద్దాయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లని రెండు మూడేళ్లు కూర్చోబెట్టి, ఆ ముగ్గురికీ నెల జీతం ఇస్తే ఆ డబ్బుకి ఎక్కువ పని జరుగుతుంది.